కప్ప కడుపులో పచ్చ సంచి

(జూనియర్ కాలేజీ బైపీసీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం)

వెనక బెంచీల వాళ్లకు వినపడుతోందా? ఈ మైకు మధ్యమధ్యలో బెకబెకమంటోంది. ఇవాళ్టి టాపిక్కు సరిపోయిందిలెండి. (నవ్వులు)

ముందు ఒక సంగతి చెప్పండి. మీ ఇళ్లలో చేపలు కడిగేది ఎవరు? అమ్మమ్మా? సరే. పొట్ట చీల్చాక అమ్మమ్మ పేగుల్ని ఒక్కసారిగా లాగి పారేయదు, గమనించారా? లోపల వేలితో తడిమి, కార్జానికి అంటుకుని ఉన్న ఆకుపచ్చ తిత్తిని పట్టుకుని, నొక్కకుండా, మెల్లిగా విడదీస్తుంది. పక్కన మనం నిలబడి తొందరపెడితే ‘ఉండరా, చేదు పగిలిందంటే కూరంతా పోతుంది’ అని కసురుతుంది. చేదు అనేది ఒక రుచి కదా, అది పగలడమేమిటి? ఆమె భాషలో చేదు అంటే ఆ తిత్తి. ఆ ఒక్క మాటలో అనాటమీ ఉంది, బయోకెమిస్ట్రీ కూడా ఉంది. మన పుస్తకంలో దాని పేరు పిత్తాశయం. డాక్టరు దగ్గరికి వెళ్తే గాల్ బ్లాడర్.

ఈ సంచితో నాకు పాత గొడవ ఒకటి ఉంది. డిగ్రీ ప్రాక్టికల్ పరీక్షలో నాకు కప్ప జీర్ణవ్యవస్థ పడింది. మా రోజుల్లో కప్పలు గోనెసంచుల్లో వచ్చేవి. క్లోరోఫాం ఇచ్చి, మైనం పోసిన ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లూ చేతులూ గుండుసూదులతో బిగించేవాళ్లం. పొట్ట కోయడం వరకు బాగానే చేశాను. కాలేయం ఎత్తి కింద నాళం చూపిద్దామని కత్తెర కొన లోపలికి పెట్టాను. పుటుక్కుమంది. అంతే, పచ్చని నీళ్లు కాలేయం మీదా, పేగుల మీదా, పసుపుగా మెరుస్తున్న కొవ్వు దేహాల మీదా పరుచుకున్నాయి. నీళ్లు పోసి కడిగేకొద్దీ ఇంకా పాకింది. ఎగ్జామినరు వచ్చి ట్రేలోకి వంగి చూసి, ‘ఏమయ్యా, గోంగూర పచ్చడి నూరావా?’ అన్నారు. (నవ్వులు) మార్కుల సంగతి అడక్కండి.

అయితే ఆ రోజే ఒక ప్రశ్న నా బుర్రలో పడింది. ఇంత చిన్న కప్పలో అంత పచ్చ నీళ్లు ఎందుకున్నాయి? తర్వాత లెక్చరర్‌నయ్యాక, పిల్లల చేత కోయించిన ప్రతి కప్పలోనూ ముందు ఆ సంచినే చూసేవాణ్ణి. తొట్టిలో వారం పది రోజులు తిండి లేకుండా పడి ఉన్న కప్పలో అది బఠాణీ గింజలా బిగుతుగా, ముదురు రంగులో ఉండేది. వానాకాలంలో అప్పుడే పట్టి తెచ్చిన కప్పలో, జీర్ణాశయం నిండా మిడతల కాళ్లూ రెక్కలూ ఉన్న కప్పలో, అదే సంచి గాలి తీసిన బుడగలా వదులుగా వేలాడేది. ఇవాళ నేను చెప్పబోయే విషయం మొత్తం ఆ రెండు కప్పల మధ్య తేడాయే.

మీ పరీక్షల్లో ఎప్పుడూ తప్పు రాసే వాక్యం ఒకటుంది. ‘పిత్తాశయం పైత్యరసాన్ని స్రవిస్తుంది.’ పైత్యరసం అంటే ఆ పచ్చ నీళ్లే. నలభై పేపర్లు దిద్దితే ముప్ఫైలో అదే. స్రవించేది కాలేయం. రాత్రీ పగలూ, తిన్నా తినకున్నా, బొట్లుబొట్లుగా తయారుచేస్తూనే ఉంటుంది. పిత్తాశయం పైత్యాన్ని తయారుచెయ్యదు, దాచిపెడుతుంది. దాచిపెడుతూ ఇంకో పని కూడా చేస్తుంది, అక్కడికి వస్తాను.

కప్పలో అది ఎక్కడుంటుందంటే, కాలేయం కుడి, ఎడమ తమ్మెల మధ్య. మీ రికార్డు బొమ్మలో గోధుమరంగు కాలేయం నడుమ గుండ్రంగా పచ్చ పెన్సిల్ రుద్దుతారే, అదే. దాన్నుంచి సిస్టిక్ నాళాలు బయల్దేరతాయి. కాలేయం నుంచి హెపాటిక్ నాళాలు వస్తాయి. అన్నీ కలిసి ఒకే పైత్యరస నాళం అవుతాయి. ఇక్కడ మనిషికీ కప్పకీ ఒక తేడా ఉంది, బొమ్మ వేసేటప్పుడు చాలామంది పట్టించుకోరు. కప్పలో జీర్ణాశయం, దాని పక్కనే పైకి వంగే ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం) కలిసి ఇంగ్లీషు యూ అక్షరంలా ఉంటాయి. ఆ మధ్య సందులో క్లోమం, అంటే పాంక్రియాస్ ఉంటుంది. పైత్యరస నాళం ఆ క్లోమం లోపలినుంచే దూరి వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ క్లోమరసాన్ని కూడా ఎక్కించుకుని, రెండిటినీ ఒకే నాళంగా ఆంత్రమూలంలో దించుతుంది. షేర్ ఆటో అనుకోండి. మనలో రెండు నాళాలు విడివిడిగా వచ్చి పేగు గోడ దగ్గర కలుస్తాయి.

ఇక తిండి సంగతి. కప్పకు నమలడం రాదు. దానికున్న చిన్న పళ్లు పట్టుకోవడానికే. పురుగును నాలుకతో లాక్కుని, నోరు మూసి, కళ్లు లోపలికి నొక్కుకుంటుంది. మింగేటప్పుడు దాని కళ్లు మూసుకుని కిందికి దిగిపోవడం చూశారా? రుచికి పరవశించిపోతోందని అనుకుంటాం. నిజానికి ఆ కనుగుడ్లు నోటి పైకప్పును నొక్కి మిడతను గొంతులోకి తోస్తున్నాయి. అంటే మిడత మిడతలాగే, ముక్కలు కాకుండా లోపలికి పోతుంది. జీర్ణాశయంలో ఆమ్లం, పెప్సిన్ కలిసి మాంసకృత్తుల పని పడతాయి. ఆ పులిసిన ముద్ద ఆంత్రమూలంలోకి వచ్చేసరికి రెండు సమస్యలు మిగిలి ఉంటాయి. ఒకటి పులుపు. క్లోమం ఎంజైములు పుల్లటి చోట పనిచేయవు. పైత్యరసం, క్లోమరసం రెండూ క్షార గుణం ఉన్నవి కాబట్టి ఆ పులుపును విరుస్తాయి. రెండోది కొవ్వు.

దీనికోసమే ఈ రెండు గ్లాసులు తెప్పించాను. ముందు బెంచీ అమ్మాయీ, ఒకసారి ఇటు రా తల్లీ. రెండింట్లోనూ నీళ్లున్నాయి. చెరో చెంచా వేరుశనగ నూనె పొయ్యి. ఏమైంది? పైన తేలింది. ఇప్పుడు ఈ గ్లాసులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి రెండిటినీ బాగా తిప్పు. తిప్పు, తిప్పు, భయం లేదు. చాలు. అందరికీ కనపడేట్టు ఎత్తి పట్టుకో. లిక్విడ్ వేయని గ్లాసులో నూనె మళ్లీ పైకి చేరిపోతోంది, వేసినదాంట్లో నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. నూనె ఎక్కడికీ పోలేదు, కంటికి కనపడనంత చిన్న బిందువులయింది. థాంక్యూ తల్లీ, కూర్చో.

పైత్యరసంలో ఉండే లవణాలు పేగులో చేసేది ఇదే. గుర్తుపెట్టుకోండి, పైత్యరసంలో జీర్ణ ఎంజైమే లేదు. కొవ్వును కోసేది క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము. కానీ లైపేజ్ నీళ్లలో ఉంటుంది, నూనె బొట్టు లోపలికి వెళ్లలేదు, అంచు మీదే కొరకగలదు. అంచు ఎంత ఎక్కువుంటే పని అంత వేగం. ఒక సెంటీమీటరు వెడల్పున్న నూనె బొట్టును మిల్లీమీటరులో 1000వ వంతు ఉండే బిందువులుగా పగలగొట్టారనుకోండి. నూనె అంతే, దాని ఉపరితలం మాత్రం 10,000 రెట్లు. లెక్క ఇంటికెళ్లి చేసుకోండి, మ్యాథ్స్ వదిలేసి బైపీసీకి వచ్చామని మురిసిపోకండి. (నవ్వులు)

ఇప్పుడు మీకు అనుమానం రావాలి. కాలేయం రోజంతా పైత్యం తయారుచేస్తూనే ఉంటే నేరుగా పేగులోకి వదిలేయొచ్చుగా, మధ్యలో ఈ సంచి దేనికి?

తొలకరి రాత్రి గుర్తుతెచ్చుకోండి. మొదటి గట్టి వాన పడ్డాక వీధి లైటు చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. అదే రాత్రి, ఎండాకాలమంతా మట్టిలో కదలకుండా పడి ఉన్న కప్పలు బయటికొస్తాయి. మగ బుల్ ఫ్రాగ్ అయితే పసుపు పూసుకున్నట్టు ఉంటుంది. నెలల తరబడి దానికి తిండి లేదు, కొవ్వు దేహాలు కరిగిపోయి ఉంటాయి. లైటు కింద కూర్చుని ఒకదాని వెంట ఒకటి ఉసిళ్లను మింగుతుంది. ఉసిళ్లు ఎంత కొవ్వున్నవో మన పల్లెల్లో వేయించుకుని తినేవాళ్లను అడగండి, మూకుట్లో నూనె వేయకుండానే వేగుతాయి. ఏమీ లేని కడుపులోకి ఒక్క గంటలో ఇంత కొవ్వు వచ్చి పడితే, కాలేయం అప్పటికప్పుడు కార్చే బొట్లు ఏ మూలకు సరిపోతాయి? పెళ్లికి భోజనాలు పెడుతూ ఒక్క చేదబావి మీద ఆధారపడితే ఎలా ఉంటుంది? ముందే ట్యాంకు నింపి పెట్టుకోవాలి. తొట్టిలో ఆకలితో ఉన్న కప్పలో నేను చూసిన బఠాణీ గింజ ఆ నిండు ట్యాంకే. మిడతలు తిన్న కప్పలో చూసింది ఖాళీ ట్యాంకు.

ట్యాంకు అన్నాను కానీ ఆ పోలిక పూర్తిగా సరిపోదు. ట్యాంకులో పోసిన నీళ్లు పోసినట్టే ఉంటాయి. పిత్తాశయం గోడ తన లోపలి ద్రవం నుంచి ఉప్పునూ నీళ్లనూ లాగి రక్తంలోకి పంపేస్తుంది. ఇందాక వస్తానన్న రెండో పని ఇదే. మన లెక్క చూడండి. మన కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. సంచిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. ఎలా సరిపెడుతుంది? బెల్లం పొయ్యి మీద చెరకు రసం పాకమైనట్టు దాన్ని చిక్కబరుస్తుంది. పొయ్యి లేదు, మంట లేదు, కేవలం కణాల వరస ఒకటి.

ఆ గోడ ఎలా పనిచేస్తుందో కనిపెట్టడంలో కప్ప బంధువుల చేయి ఉంది. అమెరికాలో నెక్ట్యూరస్ అని తోక ఉండే ఒక ఉభయచరం ఉంది. దాని కణాలు బాగా పెద్దవి, అందువల్ల సన్నటి గాజు ఎలక్ట్రోడును ఒక్కో కణంలోకి గుచ్చి కొలవొచ్చు. 1972లో ఎర్న్‌స్ట్ ఫ్రోమ్టర్ అనే శాస్త్రవేత్త దాని పిత్తాశయం మీద పనిచేసి, అయాన్లు, అంటే నీళ్లలో విడిపోయిన ఉప్పు ముక్కలు, చాలావరకు కణాల లోపలినుంచి కాకుండా కణానికీ కణానికీ మధ్య ఉన్న సందుల గుండా పోతున్నాయని చూపించాడు. ఆయనతో కలిసి పనిచేసినవాడు జారెడ్ డైమండ్. మానవ చరిత్ర మీద పెద్దపెద్ద పుస్తకాలు రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడే, ఆయనే. ఆయన కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసింది పిత్తాశయం మీద! ఇక్కడినుంచి ఎక్కడికైనా పోవచ్చన్నమాట.

అన్ని జంతువులకూ ఈ సంచి ఉండదు. గుర్రానికి లేదు, జింకల్లో చాలావాటికి లేదు, పావురానికి లేదు. గుర్రానికీ జింకకూ లేదని 2,300 ఏళ్ల కిందటే అరిస్టాటిల్ రాశాడు. రోజంతా మేస్తూనే ఉండే గుర్రానికి దాచుకోవాల్సిన అవసరమేముంది అని మనం సర్ది చెప్పుకోవచ్చు. కానీ ఎలుకకు లేదు, చిట్టెలుకకు ఉంది. రెండూ మీ ఇంట్లో ఒకే బియ్యం డబ్బా మీద పడతాయి. కాబట్టి ఆ వివరణను మరీ గట్టిగా పట్టుకు వేలాడకండి, ప్రకృతి మన నోట్సు చూసి నడవదు.

సరే, సంచి నిండింది. తెరుచుకోవాల్సిన సమయం వచ్చిందని దానికి ఎవరు చెప్తారు? కొవ్వు, మాంసకృత్తులు ఆంత్రమూలాన్ని తాకగానే పేగు గోడలోని కణాలు రక్తంలోకి ఒక హార్మోన్ వదులుతాయి. 1928లో షికాగోలో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే ఇద్దరు దాన్ని కనిపెట్టి కొలిసిస్టోకైనిన్ అని పేరు పెట్టారు. గ్రీకులో పిత్తాశయాన్ని కదిలించేది అని అర్థం. పేరు చూసి టెన్షన్ పడకండి, సీసీకే అంటే చాలు. సీసీకే అందగానే సంచి కండరం ముడుచుకుంటుంది, పైత్యం నాళంలోకి దూకుతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముక్క. ఆస్ట్రేలియాలో లావుగా, ఆకుపచ్చగా, బుద్ధుడిలా కూర్చునే చెట్టు కప్ప ఒకటుంది. లిటోరియా సెరులియా. ఇటలీ శాస్త్రవేత్త విట్టోరియో ఎర్‌స్పామర్‌కు కప్పల చర్మాలంటే పిచ్చి. కప్ప చర్మం అరల్లో ఎన్ని రసాయనాలున్నాయో వెతకడమే ఆయన జీవితం. ఆయన బృందం 1967లో ఈ చెట్టు కప్ప చర్మం నుంచి సెరులిన్ అనే పెప్టైడును, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసును, వేరుచేసి దాని నిర్మాణం ప్రకటించింది. పదే పది అమైనో ఆమ్లాలు. దాని చివరి ఎనిమిదినీ, మన సీసీకే చివరి ఎనిమిదినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడు ఒక్కటే! అంటే కప్ప చర్మంలోది కుక్కకు ఎక్కించినా, మనిషికి ఎక్కించినా పిత్తాశయం ముడుచుకుపోతుంది. తర్వాత దాన్నే మందుగా తయారుచేసి, పిత్తాశయాన్ని ఎక్స్‌రే తీసేటప్పుడు పిండడానికి వాడారు. ఏ పామో వచ్చి ఆ కప్పను నోట కరుచుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. భోజనం మొదలుపెట్టకుండానే దాని కడుపులో కలకలం. కప్ప తన పొట్టలో వాడుకునే తాళంచెవి లాంటిదే ఇంకోటి చేసి చర్మంలో దాచుకుని, శత్రువు పొట్ట మీద వాడుతోంది.

రంగు గురించి చెప్పకుండా వదిలితే మీరు ఊరుకోరు. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు అందులోని హీమ్ అనే ఎర్ర రంగు పదార్థం మొదట బిలివెర్డిన్ అవుతుంది, అది ఆకుపచ్చ. మనలో దాన్ని ఇంకో ఎంజైమ్ బిలిరుబిన్‌గా మారుస్తుంది, అది పసుపు. కాలు బల్లకు కొట్టుకుని కమిలితే మొదట నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, ఆఖరికి పసుపుగా మారుతుంది కదా, ఆ వరసే ఇది. మన ప్రయాణం పసుపు దాకా పోతుంది, కప్పది చాలావరకు ఆకుపచ్చ దగ్గరే ఆగిపోతుంది. మన భాషలో ఒక తమాషా ఉంది చూడండి. పచ్చగడ్డీ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. బిలివెర్డిన్, బిలిరుబిన్ రెండిటికీ ఒకే మాటతో సరిపెట్టుకున్నాం.

అన్నట్టు, ‘వాడి పైత్యం’, ‘వీడికి సినిమా పైత్యం’ అని తిడతాం. వాత పిత్త కఫాల్లోని పిత్తం అది. ఈ సంచిలోని ద్రవమూ ఆయుర్వేదం చెప్పే పిత్తమూ అచ్చంగా ఒకటి కావు, పేరు పంచుకున్నాయి అంతే. పరీక్షలో కలిపి రాయకండి.

పైత్య లవణాల్లో కూడా కప్పది సొంత బాణీ. మనవి పైత్య ఆమ్లాలు. కప్పలో ఎక్కువగా పైత్య ఆల్కహాళ్లు, వాటికి సల్ఫేటు తగిలించి ఉంటుంది. రానా అనే ప్రజాతి పేరు మీద ఒకదానికి రానోల్ అని, గరుకు చర్మం ఉండే బుఫో పేరు మీద ఇంకోదానికి బుఫోల్ అని పేర్లు పెట్టారు. పైత్యం చూసి ఏ కొమ్మ జంతువో కొంతవరకు చెప్పగలరు. ఇది మీ సిలబస్‌లో లేదు, రాసుకోనక్కర్లేదు.

ఏదైనా అడగాలనుకుంటే అడగండి. ఆ, నువ్వు.

(ఒక విద్యార్థి: సార్, మా అమ్మకు రాళ్లున్నాయని గాల్ బ్లాడర్ తీసేశారు. మరి కొవ్వు ఎలా అరుగుతుంది?)

మంచి ప్రశ్న. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ అనే సర్జన్ మొదటిసారి ఈ సంచిని తీసేసినప్పుడు కూడా జనానికి ఇదే అనుమానం. కాలేయం ఉంది కదా నాన్నా, పైత్యం ఆగదు. దాచుకునే చోటు పోయింది కాబట్టి కొంచెం కొంచెంగా నేరుగా పేగులోకి కారుతుంటుంది. రోజుకు మూడు పూటలా మామూలు భోజనం చేసే మనిషికి అది సరిపోతుంది. ఒకేసారి నెయ్యి ఓడుతున్న బిర్యానీ లాగిస్తే మాత్రం కొందరికి ఇబ్బంది చేస్తుంది. అమ్మ డాక్టరు చెప్పినట్టు తినమను.

ఇంకా? ఆ అమ్మాయి.

(ఒక విద్యార్థిని: మేం కప్పను కొయ్యలేదు సార్. కంప్యూటర్‌లోనే చూపించారు.)

కొయ్యక్కర్లేదమ్మా. 2014 నుంచి డిగ్రీ కాలేజీల్లో కూడా వద్దని యూజీసీ చెప్పేసింది, మంచిదే. గోనెసంచులకొద్దీ కప్పల్ని మేం చాలానే ఖర్చు చేశాం. కంప్యూటర్‌లో సంచి పగలదు, గోంగూర పచ్చడి అవ్వదు. కానీ ఆ రెండు కప్పల తేడా కూడా కనపడదు, ప్రతిసారీ ఒకే సైజు బఠాణీ. చూడాలనుంటే ఈసారి ఆదివారం అమ్మమ్మ చేపలు కడిగేటప్పుడు పక్కన కూర్చో. ఆ తిత్తి నిండుగా ఉందో, వదులుగా ఉందో చూడు. తర్వాత పేగు చీల్చి లోపల తిండి ఉందో లేదో చూడు. నాలుగైదు చేపలకు నోట్‌బుక్‌లో రాసుకుని నాకు చూపించు. చేదు మాత్రం నువ్వు తియ్యకు, అమ్మమ్మనే తియ్యనివ్వు.